అమావాస్య ఆముదం

ఈ సంగతిలో బుద్ధి తక్కువ పని చేసింది నేనే అని ముందే ఒప్పుకుంటే తర్వాత రాయడం సులువు. నేను సర్కారు బడిలో సైన్సు చెప్తాను. ఏటా ఒకసారి నల్లబల్ల మీద మనిషి కడుపు బొమ్మ వేసి, చిన్నపేగు పెద్దపేగు కలిసే చోట వేలెడంత తోక గీసి, పక్కన అపెండిక్స్‌కు తెలుగు పేరు ‘ఉండుకం’ అని రాసేవాణ్ణి. "దీనితోని మనకు పనేం లేదు, పేర్లనే ఉండు అని ఉన్నది కాబట్టి ఊరికే ఉంటది" అనేవాణ్ణి. తరగతి నవ్వేది. ఆ నవ్వు కోసమే ఏటా ఆ తోకను కాస్త పొడుగ్గా గీసేవాణ్ణి.

అది ఊరికే ఉండదని నాకు తెలిసేసరికి నా బిడ్డ కడుపులో అది పగిలి ఒక రాత్రి గడిచిపోయింది. పగిలిన పూటే, నొప్పి తగ్గిందని సంబరపడి టీ పెట్టించుకొని తాగాను. సైన్సు సారుకు సెన్సు ఉండాలని రూలేం లేదని మా ఆవిడ అప్పటి నుంచి ఇప్పటిదాకా అంటూనే ఉంది. పాపం, మొన్నటిదాకా ఆమెకు తెలిసింది సగమే.

మా ఇల్లు లక్సెట్టిపేటలో. ముందు గదిలో బాపువి రెండు సాంచెలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు. పొద్దున మొదలైతే పొద్దు గూకేదాకా టకటకటక. గోడకు వేసిన క్యాలెండర్ కూడా ఆ లెక్కనే ఊగేది. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన వాళ్లం కాబట్టి మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. ఉప్పు అడిగినా పక్కింటి వాళ్లు ఉప్పు తెచ్చి ఇచ్చేంత గట్టిగా అడుగుతాం. ఎవరైనా మెల్లగా ఏమన్నా చెప్తే, చెప్పనట్టే లెక్క.

నెలకు ఒక్క రోజు మాత్రం ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం నడపరు. ఎందుకని అడిగితే "మా బాపు నడుపలేదు" అనేవాడు మా బాపు. ఆ రోజు ఆయన సాంచెల దుమ్ము దులిపి, పోగులు ఏరి, ఇరుసు ఇరుసుకూ నూనె పెట్టేవాడు. సాంచెల పని అయినంక మా పని పట్టేవాడు. వాటికి ఒక సీసా, మాకు ఒక సీసా. మాది ఆముదం.

"సాంచెకు నూనె పెడ్తెనే నడుస్తది. పేగులకు పెట్టద్దా?" అనేది ఆయన వైద్యశాస్త్రం మొత్తం. అందులో ఇంకో అధ్యాయం లేదు.

ఆముదం అనే మాటలో ముదం ఉన్నదని, ముదం అంటే సంతోషమని పెద్దయ్యాక ఎక్కడో చదివి చాలాసేపు కోపంతో ఉన్నాను. పరగడుపున ఇత్తడి గిన్నెలో గోరువెచ్చగా చేసి తెచ్చేవాడు. నేను సాంచె కింద దూరేవాణ్ణి. తానుగుడ్డ చుట్టే దూలం వెనక నక్కేవాణ్ణి. ఆయన వెతకడానికి తిరిగేవాడు కూడా కాదు. తెగిన పోగును చీకట్లోనైనా దొరకబట్టే మనిషికి కొడుకు ఒక లెక్కా? కాలు పట్టి గుంజి, తొడల నడుమ ఇరికించుకొని, ఎడమ చేతి రెండు వేళ్లతో ముక్కు పట్టేవాడు. పోగు ముడి వేసీ వేసీ ఆ వేళ్లు ఎండిన కొయ్యల్లా ఉండేవి. ముక్కు మూస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నేను బడిలో చేరకముందే నేర్చుకున్న మొదటి సైన్సు సూత్రం అదే.

గుటక పడ్డాక అరచేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. అది పెట్టడం మాత్రం ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

మధ్యాహ్నానికి కడుపులు ఖాళీ అయ్యేవి, చారన్నం తినేవాళ్లం, ఎండ తగ్గాక బాపు మమ్మల్ని గోదారికి తీసుకుపోయేవాడు. నెలలో ఆయన మాకు పూర్తిగా దొరికే పూట అదొక్కటే. ఇసుకలో కూచొని తన చిన్నప్పటి మాటలు చెప్పేవాడు. అక్కడ మాత్రం ఆయన గొంతు తగ్గేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆముదం రుచి నాలుక మీదికి వస్తుంది, వెంటనే ఆ ఇసుక చల్లదనం అరికాళ్లకు తగులుతుంది. ఒకటి లేకుండా ఇంకోటి రావడం లేదు. అందుకేనేమో నా బిడ్డ పుట్టినప్పుడు ఆ అమావాస్య పద్ధతిని ఆపాలని నాకు అనిపించలేదు. ఇంకో కారణం కూడా ఉంది, సిగ్గు విడిచి చెప్పాలంటే. ముక్కు ఇంకొకరిది అయినప్పుడు ఆ దృశ్యం చూడటానికి బాగానే ఉంటుంది.

మా ఆవిడది హుస్నాబాద్ దిక్కు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. వచ్చిన మొదటి అమావాస్యకే చూసి ముక్కు మీద వేలేసుకుంది. తన ముక్కు భద్రంగా ఉందో లేదో చూసుకోవడానికే అనుకుంటాను.

"మా దిక్కు పసులకు కూడ గిట్ల తాపరు మామా."

"అందుకే మీ పసులు సన్నగుంటయి కోడలా" అన్నాడు బాపు.

బిడ్డకు తొమ్మిదేళ్లు నిండాయి. నాలుగో తరగతి. నడవడమంటే తెలియదు, ఎక్కడికైనా గెంతుకుంటూ పోవడమే. ఆ అమావాస్య నాడు మామూలుగానే ముక్కు పట్టించుకుంది, తాగింది, బెల్లం చప్పరించింది. మధ్యాహ్నం బొడ్డు చుట్టూ నొస్తోందని చెప్పింది. అన్నం వద్దంది.

"ఆముదం తాగితే నొయ్యదా? నూనె పని చేస్తున్నదన్నట్టు" అన్నాడు బాపు.

నేను తల ఊపాను. మా ఇంట్లో అమావాస్య నాడు కడుపు నొప్పి అంటే ఆదివారం నాడు సెలవు అన్నట్టే. దాన్ని ఎవరూ రోగం అనుకోరు. అదే ఇంకో రోజు అయి ఉంటే, సాంచెలు ఆపకపోయినా, ఎవరో ఒకరం ఆ పిల్ల మొహంలోకి చూసేవాళ్లం.

మరునాడు పొద్దున రెండు సార్లు వాంతి చేసుకుంది. నొప్పి ఎక్కడ అంటే ఈసారి బొడ్డు కాదు, కుడి పక్కన కింద, తుంటి ఎముకకు దగ్గరగా వేలు పెట్టి చూపించింది. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. చలాకీ పిల్ల గోడ పట్టుకొని వంగి నడుస్తోంది.

"డాక్టర్ కాడికి తోలుకపో" అంది మా ఆవిడ.

"సాయంత్రం దాక సూద్దాం. ఆముదం పూర్తిగా దిగినట్టు లేదు."

ఆ మాట అన్నది బాపు కాదు, నేను. నల్లబల్ల మీద ఆ తోకను సరిగ్గా ఆ జాగాలోనే ఎన్నో ఏళ్లుగా గీస్తున్న నేను.

మా ఆవిడ నల్లా కాడికి నీళ్లకు పోయింది. సాంచెలు నడుస్తున్నాయి. బాపు వీపు మా వైపు ఉంది. నేను ఆ గిన్నె తీసి, సగం దాకా ఆముదం పోసి, వెచ్చచేసి, నా బిడ్డ ముక్కు పట్టాను. ఆమె గింజుకోలేదు. అది గమనించాల్సింది. ప్రతి నెలా ఇల్లంతా పరిగెత్తించే పిల్ల ఆ రోజు ఊరికే నోరు తెరిచింది. నా చేతి నేర్పు పెరిగిందనుకున్నాను.

పొద్దు వాలే ముందు నొప్పి ఒక్కసారిగా తగ్గింది. "నాన్నా, ఇప్పుడు అంత నొస్తలేదు" అని పడుకుంది. నేను ఆ టీ తాగింది అప్పుడే.

మూడో రోజు పొద్దున మొహం ఎర్రగా ఉంది, పెదవులు ఎండిపోయాయి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని కదలకుండా పడుకుంది. నొప్పి ఎక్కడంటే కడుపంతా అన్నది, చాలా మెల్లగా. నీరసం, బడికి వస్తే తోటి పిల్లలను చూసి లేచి తిరుగుతుంది అని మా ఆవిడకు నచ్చజెప్పాను. బిడ్డ చదివే బడి, నేను చెప్పే బడి ఒకే ఆవరణలో. బండి మీద వెనక కూచోబెట్టుకున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా నా అంగీ వీపు దగ్గర ఆమె పిడికిలి బిగుసుకునేది.

"నాన్నా, మెల్లగ పో."

సాంచెల చప్పుడు లేని రోడ్డు మీద కూడా నాకు ఆ మాట సరిగ్గా వినబడలేదు. బండంటే భయం పట్టుకుందేమో అనుకున్నాను.

ఆ రోజు బడికి నర్సమ్మ వచ్చింది, పిల్లలకు నులిపురుగుల మందు వేయడానికి. ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగిన పెద్ద మనిషి. పిల్లలు వరుస కట్టారు. నా బిడ్డ మెట్టు మీదనే కూచుంది. నర్సమ్మ వరుసను వదిలేసి ఆ మెట్టునే చూడసాగింది.

"సారూ, ఆ పిల్ల మీ బిడ్డనేనా?"

"అవునమ్మా. జర నీరసం."

"ఇటు రా బిడ్డా."

లేచి వచ్చింది. గట్టిగా పది అడుగులు లేవు. ఒక చేయి కడుపు మీద పెట్టుకొని, నేల పగిలిపోతుందేమో అన్నట్టు ఒక్కో పాదం ఆనిస్తూ వచ్చింది.

"ఒక్కసారి ఎగురు బిడ్డా. గింతంతనే."

నా బిడ్డ నర్సమ్మను చూసింది, నేలను చూసింది, తల అడ్డంగా ఊపింది. ఎగరమంటే ఎగరనన్నది, ఎగరొద్దంటే వినని పిల్ల.

"పోనీ, దగ్గు."

దగ్గబోయి సగంలో ఆగి రెండు చేతులతో కడుపు పట్టుకుంది. నర్సమ్మ ఆమెను బల్ల మీద పడుకోబెట్టి అరచేయి మెల్లగా ఆనించింది. తర్వాత నా చేయి పట్టుకొని అక్కడ పెట్టింది.

"సూడు సారూ."

పలకలా ఉంది. రోజూ పలకలు, బల్లలు చూసే మనిషిని నేను. చిన్నపిల్ల కడుపు అట్లా ఉండకూడదని ఆ చెయ్యికి అప్పుడు తెలిసింది.

"ఎన్ని రోజులాయె?"

"మొన్నటి సంది. నిన్న బాగనే నొచ్చింది. సాయంత్రం తగ్గింది."

"ఒక్కపారే తగ్గిందా?"

"అవును. మంచిగనే తగ్గింది."

"మంచిగ తగ్గలేదు సారూ. లోపల పగిల్నంక కొంతసేపు గట్లనే అల్కగ అనిపిస్తది. బండి మీద వస్తుంటే గతుకుల కాడ ఏమన్నా అన్నదా?"

"మెల్లగ పో అన్నది."

"పోయిన్రా?"

నేను నా బండి వైపు చూశాను. ఆమె రెండోసారి అడగలేదు. నాడి చూసి, "నేను డాక్టర్ను కాను, నేను అనుకున్నది తప్పయితే మంచిదే. గని ఇప్పుడే కరీంనగర్ పోవాలె. నొప్పి గోలీ ఇయ్యకు, అన్నం పెట్టకు, నీళ్లు కూడ తాపకు. ఆపరేషన్ పడొచ్చు" అంది. అంటూనే ఫోన్ చేసి కారు మాట్లాడింది.

కారు మా ఇంటి ముందు ఆగినప్పుడు బాపు సాంచెల దగ్గర ఉన్నాడు. నేను ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన అడుగు వేసి స్విచ్ తీశాడు. అమావాస్య కాని రోజు, కరెంటు ఉండగా, ఆయన చేత్తో సాంచెలు ఆగడం నేను చూడటం అదే మొదలు. అటూ ఇటూ పరిగెత్తుతూ పోగు మోసే నాడె నడుమలోనే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ ఏడుపు మొత్తం వినబడింది.

రాయపట్నం బ్రిడ్జి దాటాక రోడ్డు బాగానే ఉండేది, ఊళ్లు లేకపోతే. ప్రతి ఊరికీ ముందొక స్పీడ్ బ్రేకర్, వెనకొకటి, బడి ఉంటే ఇంకొకటి. వెనక సీట్లో మా ఆవిడ బిడ్డను ఒళ్లో వేసుకుంది. నేను కాళ్లు పట్టుకున్నాను. బాపు డ్రైవర్ పక్కన కూచున్నాడు. దూరం నుంచే కనిపెట్టి చెయ్యి లేపేవాడు.

"వస్తున్నది కొడుకా. జర మెల్లగ."

వెల్గటూరు దగ్గర, ధర్మారం దగ్గర, చొప్పదండి దగ్గర, ఎన్నిసార్లు అన్నాడో. ఒక్కసారి కూడా గొంతు లేపలేదు. గోదారి ఇసుకలో మాట్లాడే గొంతు అది. కారు ఎక్కి దిగుతున్నప్పుడు నా బిడ్డ కళ్లు గట్టిగా మూసుకునేది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది. పొద్దున నేను బండి మీద అవే గతుకులు దూకించుకుంటూ తెచ్చాను కదా అని ఆలోచన వచ్చినప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి చూశాను. మా ఆవిడ నన్ను తిట్టడం కూడా మరిచిపోయింది. ఆమె తిట్టకపోతే పరిస్థితి ఎంత పాడుగా ఉందో నాకు తెలుసు.

దవఖానలో చూసింది ఒక ఆపరేషన్ల డాక్టరమ్మ, వయసులో చిన్నది. బిడ్డ కడుపును నొక్కలేదు. ముందు మంచం పక్కన కూచొని మాట కలిపింది.

"నీ బొడ్డును పైన ఫ్యాన్‌కు తాకిస్తవా? కడుపు ఉబ్బించు చూద్దాం."

నా బిడ్డ ప్రయత్నం చేసి కళ్లలో నీళ్లు తెచ్చుకుంది.

"సరే. వద్దు వద్దు" అని డాక్టరమ్మ ఆమె తల నిమిరి మా వైపు తిరిగింది. స్కానింగ్, రక్తం పరీక్షలు చకచకా అయిపోయాయి. తర్వాత మమ్మల్ని నిలబెట్టి చెప్పింది. ఉండుకం వాచి పగిలింది. అందులోని చీము కడుపులో పాకింది. పేగులను కప్పుకొని ఒక పల్చటి పొర ఉంటుంది, అది మొత్తం వాచింది. పెరిటోనైటిస్ అంటారు. పిల్లల్లో ఉండుకం తొందరగా పగులుతుంది, పగిలినంక తొందరగా పాకుతుంది. వాళ్లు నొప్పి జాగా సరిగ్గా చెప్పలేరు, పెద్దవాళ్లు అజీర్ణం అనుకుంటారు.

బాపు విని అన్నాడు, "సాంచె మీద ఒక్క చుక్క నూనె పడ్డా తానుగుడ్డ మొత్తం మరకయితది. గట్లనా అమ్మా?"

"అట్లనే తాతా. ఇప్పుడు దాన్ని కడగాలె. ముందు సెలైన్ ఎక్కిస్తం, ఒళ్లంతా ఎండిపోయింది. సూది మందులు మొదలు పెడ్తం. ముక్కులకెల్లి కడుపులకు ఒక గొట్టం వేస్తం, లోపల ఉన్నది బయటికి రావాలె. జర నిలదొక్కుకోంగనే ఆపరేషన్." కాగితం మీద రాసుకుంటూ అడిగింది, "నొప్పి వచ్చినంక ఏమన్నా తాపిన్రా? పసరు, ఆముదం, ఏదన్నా?"

నా నోరు తెరుచుకుంది. ముక్కు ఎవరూ పట్టుకోలేదు, అయినా తెరుచుకుంది. మాట మాత్రం రాలేదు.

"నేను తాపిన అమ్మా" అన్నాడు బాపు. "అమాస నాడు ఒకపారి. నిన్న ఒకపారి. రెండుసార్లు నేనే తాపిన."

డాక్టరమ్మ కలం ఆపింది. "దాని వల్లనే పగిలిందని నేను చెప్పలేను తాతా. గని కడుపు నొప్పి ఉన్నప్పుడు విరేచనాల మందు ఎన్నడూ తాపొద్దు. వాచిన పేగును ఇంకింత గుంజుడే అయితది. నొప్పి వచ్చి, అన్నం వద్దని, వాంతులయి, నడుస్తలేదంటే ఇంట్ల ఉంచొద్దు."

"తప్పయింది" అన్నాడు బాపు. మా ఆవిడ ఆయన వైపు చూసిన చూపు నాకు తగిలింది. అది నాకు రావలసింది. అడ్రసు తప్పి ఆయనకు పోయింది. నేను దారి మళ్లించలేదు.

నిన్నటిది ఆయనకెట్లా తెలుసు? వీపు మా వైపు కదా ఉండింది. తర్వాత తట్టింది. సాంచె నడిపే మనిషి వీపు వెనక కూడా చూస్తాడు, నాలుగు దిక్కులా పోగులు తెగుతాయి కాబట్టి.

ఆపరేషన్ గది బయట బల్ల మీద బాపు తన తువ్వాల అంచు పోగులు ఒక్కొక్కటి తీసి ముడి వేస్తూ కూచున్నాడు. నేను ఆ ముడులు చూస్తూ కూచున్నాను. అంచు మొత్తం అయిపోయింది, రెండో అంచు మొదలు పెట్టాడు. ఎండ వరండా మెట్ల నుంచి గోడ మీదికి, గోడ మీది నుంచి చూరుకు ఎక్కింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, ఉండుకం తీసేశామని, కడుపు కడిగామని, మిగిలిన నీరు బయటికి రావడానికి పక్కన ఒక గొట్టం ఉంచామని చెప్పింది. "ఇంకొక్క దినం ఆగితే నేను మీతోని గిట్ల మాట్లాడకపోతుండె" అంది. ఆ మాట నా వైపే చూసి అన్నట్టు ఇప్పటికీ అనిపిస్తుంది. నిజానికి ఆమె గోడ గడియారం చూసి అంది.

ఆ తర్వాత మా కుటుంబం అంతా ఒకే ఒక్క వార్త కోసం ఎదురుచూసింది. పేగులు అలిగి పడుకున్నాయట, అవి మళ్లీ పని మొదలు పెడితే గాలి బయటికి వస్తుంది, అది వచ్చేదాకా నోట్లో చుక్క నీళ్లు పోయొద్దు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డాక్టరమ్మ వచ్చి "గాలి పోయిందా?" అని అడిగేది. మేం ముగ్గురం దొంగల్లా తల దించుకునేవాళ్లం. గాలివార్తలను నమ్మొద్దని బడిలో చెప్పే నేను, అక్షరాలా ఒక గాలివార్త కోసం దేవుడికి దండం పెట్టుకున్నాను. పెదవులకు తడి గుడ్డ అద్దుతుంటే నా బిడ్డ దాన్ని చీకబోయేది. ఆ తడి గుడ్డ లాక్కోవడం ఆముదం తాపడం కంటే కష్టంగా ఉండింది.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు పొద్దున మంచం వైపు నుంచి చిన్న చప్పుడు వచ్చింది. ముందు విన్నది బాపు. అన్నేళ్లు సాంచెల మధ్య ఉండి చెవులు పోయాయని మేం అనుకున్న బాపు.

"అయింది" అన్నాడు, వార్డు మొత్తానికి వినబడేటట్టు. పక్క మంచం వాళ్లు కూడా "అయిందట, అయిందట" అని చెప్పుకున్నారు. నా బిడ్డ సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కుంది. "తాతా, నీకెందుకు గంత సంతోషం?" అంది లోపలి నుంచి. ఆ మాట గట్టిగానే అంది. మా ఇంటి పిల్ల మా ఇంటి గొంతుతో మాట్లాడటం విని నేను వరండాలోకి పోయి కాసేపు నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ చెప్పినట్టు మా ఆవిడ చెంచాతో నీళ్లు పోస్తోంది. ఒక్కో చెంచాను లెక్కబెట్టినట్టు మింగుతోంది నా బిడ్డ.

ఇంటికి వచ్చాక కూడా చాలా రోజులు ఆమె నడుస్తుంటే మేం పాదాలే చూసేవాళ్లం. ఒక రోజు గడప దిగకుండా దూకింది. బాపు సాంచె ఆపి మళ్లీ నడిపాడు, అంతే.

తర్వాతి అమావాస్యకు ఆముదం సీసా అటక మీద నుంచి దిగలేదు. దాని తర్వాతి అమావాస్యకు దిగింది. బాపు ఇంట్లోని తలుపుల బందులన్నిటికీ పోసి సీసా ఖాళీ చేశాడు. ఆ తలుపులు ఇప్పటికీ చప్పుడు చేయవు. మా ఇంట్లో మెల్లగా మాట్లాడేవి అవే.

మా ఆవిడ మాత్రం మరిచిపోలేదు. చుట్టాలు వస్తే చాలు, "ఒకపారి కాదు, మా మామ రెండుసార్లు తాపిండు" అని మొదలు పెట్టేది. ఆయన నవ్వుతూ వినేవాడు. నేను ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాణ్ణి. ఒకనాడు గోదారి ఒడ్డున ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"ఎందుకు చెప్పినవ్ బాపూ గట్ల?"

"నువ్వు సారువు. డాక్టరమ్మ ముంగట నీ ఇజ్జత్ పోతది. నాదేమున్నది, సాంచెలోన్ని" అన్నాడు. ఇసుకలో గీత గీస్తూ, "ముక్కు పట్టుడు నీకు నేర్పింది ఎవరు మరి?" అన్నాడు.

అంతకంటే పెద్ద దెబ్బ ఆయన నన్ను జీవితంలో కొట్టలేదు. ఇద్దరి తప్పూ తానే మోసి, నాకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా చేశాడు. ఆయన మీద నాకు చిన్నప్పటి నుంచి రావలసిన ఆముదం బాకీ అంతా ఆ ఒక్క మాటతో చెల్లిపోయినట్టయింది. ఇది అన్యాయం అని అప్పటి నుంచి నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

బడిలో కడుపు పాఠం వచ్చినప్పుడు ఇప్పుడు ఆ పేరు మీద జోకు వేయను. ఎగరలేని కడుపు నొప్పి, దగ్గలేని కడుపు నొప్పి, గతుకుల మీద ఏడిపించే కడుపు నొప్పి ఇంట్లో ఉంచేది కాదు, ఇంట్లో చెప్పండి అంటాను. తరగతి నవ్వదు. అయినా చెప్తాను.

బిడ్డ ఇప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది. ముందు గదిలో ఒక సాంచె మిగిలింది, నడవదు. మొన్న చలికాలంలో బాపు రెండు రోజులు కడుపు పట్టుకొని కూచున్నాడు. "జర ఆముదం ఉంటే..." అని మా ఆవిడ లేని సమయం చూసి నా చెవిలో అన్నాడు.

"లే బాపూ. ఎగురు."

"ఏమాయెరా నీకు?"

"ఎగురు అంటున్న."

అప్పుడే బిడ్డ వీడియో కాల్ చేసింది. విషయం తెలిసి ఫోన్‌లోంచి "తాతా, దగ్గు. తాతా, బొడ్డు ఫ్యాన్‌కు తాకియ్యి" అని ఆర్డర్లు వేసింది. ఎనభై దాటిన మనిషి సాంచె పట్టుకొని రెండుసార్లు ఎగిరాడు. దగ్గాడు. ఏమీ కాలేదు. అయినా నాకు నా తెలివి మీద నమ్మకం పోయి చాలా ఏళ్లయింది కనుక డాక్టర్ దగ్గరికే తోలుకపోయాను. పరీక్షలన్నీ చూసి ఏం లేదు, మలబద్ధకమే అన్నారు. నీళ్లు ఎక్కువ తాగమని, రోజూ ఇంత అని ఒక సిరప్ రాసిచ్చారు. తియ్యగా ఉంటుంది, పిల్లలు కూడా ఇష్టంగా తాగుతారు అని చెప్పారు.

ఇంటికి వచ్చి గిన్నె వెతికాను. ఆ ఇత్తడి గిన్నెనే. కడిగి, మూతతో కొలిచి అందులో పోశాను. మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. ముందు ఆమెతో చెప్పాను, రెండోసారి తాపింది ఆయన కాదు, నేను అని. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నాకెప్పుడో అనుమానమే" అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఇన్నేండ్లు నా మాటలెందుకు పడ్డవ్ మామా?" అంది. బాపు గోడ వైపు చూశాడు.

నేను ఆయనను మోడా మీద కూచోబెట్టి, మోకాళ్ల నడుమ ఇరికించుకొని, ఎడమ చేతి రెండు వేళ్లు చాపాను.

"అది తియ్యగనే ఉంటదట కదరా. ముక్కెందుకు?"

ముక్కు పట్టవలసిన అవసరం ఏమీ లేదు. పట్టాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

గుటక పడ్డాక ఆయన అలవాటుగా బెల్లం కోసం అరచేయి చాపాడు. ఆ ఒక్క బాకీ ఉంచుకొని, నేను గిన్నె కడగడానికి లేచిపోయాను.